మా ఆయన తాగుడు

మా ఆయన పచ్చి తాగుబోతని ఊరంతా అనుకున్న రోజుల్లో, ఆయన నోట్లో పోసుకున్న సారా ఒక్క గుక్క కూడా గొంతు దిగలేదు. ఈ సంగతి తెలిసినవాళ్ళం అప్పట్లో ఇద్దరమే, ఆయనా నేనూ. తెలియకూడని మనిషి కూడా ఇప్పుడు లేడు గనక రాస్తున్నాను.

మాది నందిగామ. నాన్న తాలూకా ఆఫీసులో బంట్రోతు. నన్ను పదో తరగతి దాకా చదివించి, డెబ్బయ్యో దశకం మొదట్లో సరంగుకిచ్చి పెళ్ళి చేశారు. జగ్గయ్యపేట నించి కృష్ణ ఒడ్డుకి పోయే దారిలో ఇక రోడ్డు లేని చోట ఉంటుంది ఆయన ఊరు. "సరంగంటే ఏంటే?" అని మా వీధి ఆడపిల్లలు అడిగితే "ఓడ నడిపేవాడు" అని గొప్పగా చెప్పాను. తీరా వెళ్ళి చూస్తే అది బల్లకట్టు. రెండు పెద్ద పడవలు పక్కపక్కన బిగించి, పైన చెక్కలు పరిచి, ఒక పక్కన డీజిలు ఇంజను పెట్టారు. ఎడ్లబండ్లు, గేదెలు, మిరపకాయ బస్తాలు, పెళ్ళివారు, అన్నీ దానిమీదే గుంటూరు జిల్లా ఒడ్డుకి పోయేవి, వచ్చేవి. అవతలివాళ్ళకి జగ్గయ్యపేట ఆస్పత్రి కావాలి, బజారు కావాలి. మావాళ్ళకి అవతల పొలాలున్నాయి, వియ్యాలున్నాయి. మధ్యలో వంతెన లేదు.

కట్టు మీద పనిచేసేది ముగ్గురు. చుక్కాని కర్ర మా ఆయనది. ఇంజను చూసేది ఆయన చిన్ననాటి స్నేహితుడు, మా ఊరి సాయిబుల కుటుంబం. ఇద్దరూ "బావా" అంటే "బావా" అనుకునేవాళ్ళు. ఆ వరసన నన్ను చెల్లెమ్మా అని పిలిచేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని. మూడోవాడు మా మరిది, ఆయన పినతల్లి కొడుకు. గడ వేసేది, మోకు కట్టేది అతనే. అతని తండ్రి తాగి తాగి, ఇల్లు గుల్ల చేసి, ఒక ఎండాకాలం రోడ్డు పక్కన పడి ప్రాణం వదిలాడు. అప్పటినించీ మా ఆయనే అతన్ని పెంచాడు. నాకు పెళ్ళయ్యేనాటికి అతను మీసం వచ్చిన మగాడు. అయినా అన్న ఎదురుగా కూర్చునేవాడు కాదు.

మా ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కట్టు మీద మాత్రం ఆయన మాట మాటే. పశువుల్ని కట్టేదాకా కట్టు కదలనిచ్చేవాడు కాదు. కరణం గారైనా సరే, కూర్చోమన్నచోట కూర్చోవాల్సిందే. ఒడ్డు చేరాక అందరూ దిగిన తరవాతే తను దిగేవాడు. జనం ఆయన్ని చూసి ఎక్కేవాళ్ళు, కట్టుని చూసి కాదు.

మా అమ్మాయి బడికి పోవడం మొదలుపెట్టిన ఏడాది అనుకుంటాను, ఒక పొద్దున ఆయన చొక్కా గుండీ పెట్టుకోలేక చాలాసేపు పెనుగులాడాడు. నేను నవ్వుతూ వెళ్ళి పెట్టాను. "చెయ్యి తిమ్మిరెక్కిందే" అన్నాడు. మర్నాడూ అంతే. ఆ తరవాత తలుపు తాళం తిరగలేదు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు తలకి నూనె రాస్తూ ఆయన కుడిచెయ్యి చూశాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ లేదు. అక్కడ గుంట పడింది. ముంజేతి మీద చర్మం కింద పురుగులు మెదిలినట్టు ఏదో ఎగిరెగిరి పడుతోంది.

"నెప్పిగా ఉందా?" అన్నాను.

"లేదు. అదే నాకూ అర్థం కావట్లా. నెప్పుంటే బాగుండు."

పసర్లు రాయించాం. తైలాలు పట్టించాం. నందిగామలో డాక్టరు బలానికి సూదులు పొడిచాడు. చివరికి ఆ డాక్టరే గుంటూరు పెద్దాసుపత్రిలో నరాల డాక్టరుకి చూపించమని చీటీ రాసిచ్చాడు. కట్టు మీద వాళ్ళకి మా చుట్టాలింట్లో పెళ్ళని చెప్పి వెళ్ళాం.

గుంటూరు డాక్టరు వయసులో పెద్దవాడు. చిన్న సుత్తిలాంటిదాంతో మోకాళ్ళ మీద కొట్టాడు, నాలుక చాపమన్నాడు, నడిపించాడు. చూసిందంతా అయ్యాక చేతులు కడుక్కుని మా ఇద్దరినీ కూర్చోబెట్టాడు. నరాలు చచ్చిపోయి కండ కరిగిపోయే జబ్బు అన్నాడు. చేతులతో మొదలైంది, తరవాత కాళ్ళు, నాలుక, మింగడం, ఆఖరికి ఊపిరి. తెలివి మాత్రం చెడదు. మందు లేదు.

మా ఆయన ఒక్కటే అడిగాడు. "చుక్కాని ఎన్నాళ్ళు పట్టుకోగలనండి?"

డాక్టరుకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంకెవరన్నా ఉన్నారా నీ చోట్లో నిలబడేవాళ్ళు?" అని అడిగాడు.

"లేరండి. తయారు చెయ్యాలి."

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూనే చెప్పాడు. "ఎవరికీ చెప్పమాక. మీ నాన్నకి కూడా."

"ఎందుకండీ దాచడం? తప్పు చేశామా?"

"ఈ ఏడు రేవు వేలంపాట నా పేరు మీద ఉంది. సరంగుకి చేతులు పడిపోతన్నాయంటే ఎవరెక్కుతారు? అవతలి ఒడ్డోళ్ళు పాట కొట్టేద్దామని ఎప్పుడెప్పుడా అని చూస్తన్నారు. రేవు పోతే బావ ఏం తింటాడు? తమ్ముడు ఎక్కడికి పోతాడు? వాడి చేతికి కర్ర వచ్చిందాకా ఆగు. ఆ తరవాత ఊరంతా చాటింపు వేయించుకో."

అప్పుడు ఒప్పుకున్నాను. ఒప్పుకోకుండా ఎలా ఉండాలో నాకు తెలియలేదు.

ఆ ఏడు మా ఇంట్లో రోజూ పొద్దున్న తలుపు వేసుకుని నేను ఆయనకి చొక్కా తొడిగేదాన్ని. పంచె బిగించి కట్టేదాన్ని. కుడిచెయ్యి కనపడకుండా కండువా మడత వేసేదాన్ని. చుక్కాని కర్ర చివర అడ్డంగా ఒక కొయ్య కొట్టించుకున్నాడు. దాన్ని చంకలో ఇరికించుకుని ఒళ్ళంతా వాల్చి తిప్పేవాడు. "ఏంది బావా కొత్త సోకు?" అని ఇంజను అన్నయ్య నవ్వితే, "నడుం వాలుద్దామని" అన్నాడట. నీళ్ళు తక్కువున్న రోజులు కనక సాగిపోయింది.

మరిదికి మాత్రం నరకం మొదలైంది. ఎక్కడ బండ ఉంది, ఎక్కడ ఇసక మేట వేసింది, పాయ ఎక్కడ లాగుతుంది, అన్నీ మా ఆయన అతని చేత చెప్పించేవాడు. ఒకటి తప్పితే జనం ముందే చెడామడా తిట్టేవాడు. కర్ర అతని చేతికిచ్చి తను చెక్కల మీద పడుకునేవాడు. అతను పట్టుకున్నంతసేపూ పట్టుకుని, కాస్త సుడి కనపడగానే "అన్నా, నువ్వు రా" అని వదిలేసేవాడు.

ఒకరోజు అన్నం తింటూ నా దగ్గర వాపోయాడు. "వదినా, అన్నకి నేనంటే గిట్టట్లేదు. ఏం తప్పు చేశానో కనుక్కో."

"ఏం లేదు. నీకు పని రావాలని" అన్నాను.

"నాకెందుకు రావాలి? ఆయనున్నాడుగా!"

ఆ మాట లోపల గదిలో పడుకున్న ఆయనకి వినపడింది. అతను వెళ్ళాక అన్నాడు, "చూశావా? నేను బతికున్నంతకాలం వాడు గడ దగ్గరే నిలబడతాడు."

మాట తడబడటం మరుసటి వేసవిలో మొదలైంది. నాలుక మందమైనట్టు, ముద్దముద్దగా వచ్చేది. అలిసిపోయిన పూట మరీ ఎక్కువ. నడకలో ఒక పాదం ఈడ్చేవాడు. ఒకరోజు రేవులో ఒక రైతు "ఏం సరంగు గారూ, పొద్దున్నే పుచ్చుకున్నారా?" అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారట. ఆయన ఇంటికొచ్చి ఆ మాట నాకు చెబుతూ తనూ నవ్వాడు. ఎన్నో నెలల తరవాత ఆయన నవ్వడం చూశాను. నాకేమో ఒళ్ళు మండిపోయింది.

"నవ్వుతారేంటండీ? వాడి నోరు పడిపోను!"

"తిట్టమాక. మంచి దారి చూపించాడు." గోడకి జారగిలబడ్డాడు. "రేపు సారా కొట్టు నించి ఒక సీసా తెప్పించు."

నాకు నిజంగా అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పాక ఇంకా భయమేసింది. ఆయన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. ముద్దముద్దగా, ఆగి ఆగి చెప్పాడు.

"జబ్బు మనిషంటే ఇక అయిపోయాడంటారు. తాగుబోతంటే ఎప్పటికైనా మానేస్తాడులే అంటారు. రేవు నిలబడిద్ది. ఇంకోటి. తమ్ముడికి తాగినోడంటే అసయ్యం, వాళ్ళ నాన్నని చూశాడు గదా. జబ్బని తెలిస్తే నా కాళ్ళు పట్టుకుని కూర్చుంటాడు. తాగుతున్నానని తెలిస్తే నన్ను నెట్టేసి కర్ర లాక్కుంటాడు. నాక్కావాల్సింది అదే."

"మరి నేను? నలుగురూ నన్ను చూసి ఏమనుకుంటారు?"

ఆయన బిగుసుకుపోయిన వేళ్ళతో నా చెయ్యి పట్టుకోబోయాడు, పట్టు చిక్కలేదు.

అప్పటినించీ పొద్దున్న చొక్కా తొడిగాక ఇంకో పని చేరింది. గ్లాసులో కాస్త సారా పోసి ఆయన నోటికి అందించేదాన్ని. పుక్కిలించి పెరట్లో ఉమ్మేవాడు. కొంచెం కండువా మీద చల్లేదాన్ని. సీసా మా ఇంటికి తెచ్చిపెట్టే మనిషే ఊళ్ళో చాటింపు వేసినంత పని చేశాడు.

బోరింగు దగ్గర బిందె పెట్టుకుని నిలబడితే ఆడవాళ్ళు మాటలు ఆపేసి నాకు దారిచ్చేవాళ్ళు. "బంగారం లాంటి మనిషి, ఎట్టా చెడ్డాడమ్మా" అనేవాళ్ళు. "కొడతాడా?" అని ఒకామె మెల్లగా అడిగింది. లేదన్నాను. నమ్మలేదు. కొట్టడని గట్టిగా అన్న కొద్దీ నా మీద జాలి పెరిగేది. మా అమ్మాయి బడి నించి ఏడుస్తూ వచ్చింది, ఎవరో "తాగుబోతోడి కూతురా" అన్నారని. ఆ సాయంత్రం నాన్న పక్కన కూర్చోబోయి, ముక్కు మూసుకుని లేచి నా దగ్గరికి వచ్చేసింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

కబురు నందిగామ చేరింది. మా నాన్న వచ్చారు. ఆయన ఎవరి మీదా గొంతు పెంచి ఎరగరు. మా ఆయన అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు, నాన్న నిలబడే మాట్లాడారు.

"అల్లుడూ, నేను చిన్న ఉద్యోగిని. కలిగింట్లో ఇవ్వలేకపోయినా మంచివాడికిచ్చాననుకున్నా. నలుగురికీ అదే చెప్పుకున్నా. ఇట్టా చేస్తావనుకోలా."

"తప్పే మావయ్య గారూ" అన్నాడాయన. మాట ముద్దగా వచ్చింది. పట్టపగలు తాగి తన ముందు కూర్చున్నాడనుకున్నారు నాన్న. మొహం తిప్పేసుకున్నారు.

"అమ్మా, సర్దుకో. పిల్లనీ నిన్నూ తీసుకుపోతా."

"నేను రాను నాన్నా."

"ఎందుకు రావు? ఈ మనిషిలో నీకేం కనపడిందని?"

నోటిదాకా వచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. మా ఆయన తల ఎత్తి నా వైపు చూశాడు. చెప్పొద్దన్న చూపు కాదు అది. నీ ఇష్టం అన్నట్టే ఉంది. అందుకే చెప్పలేకపోయాను. నాన్న మంచినీళ్ళు కూడా ముట్టకుండా బస్సుకి వెళ్ళిపోయారు. ఆ తరవాత మా ఆయన ఉన్నన్నాళ్ళూ మా ఇంటి గడప తొక్కలేదు.

ఆ వానాకాలం మొదట్లో ఎర్రనీళ్ళు వచ్చాయి. పైన ఎక్కడో వానలు పడి నది ఒక్కసారిగా పెరిగింది. అవతలి ఒడ్డున మిరప తోటలో ఒక రైతుకి పాము కరిచింది. అతన్ని మంచం మీద మోసుకొచ్చి, అక్కడినించి గుడ్డలు ఊపుతూ కేకలు పెట్టారు. జగ్గయ్యపేట ఆస్పత్రికి చేర్చాలి. నేను వంట చేస్తుంటే ఎవరో పరిగెత్తుకొచ్చి "అమ్మా, మీ ఆయన రేవులో పడిపోయాడు, రా" అన్నారు. పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి పరిగెత్తాను.

నేను వెళ్ళేసరికి రేవు నిండా జనం. మా ఆయన కట్టు చెక్కల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నన్ను చూసినవాళ్ళు పక్కకి తప్పుకున్నారు.

ఏం జరిగిందో తరవాత తెలిసింది. కేకలు వినగానే అందరూ ఆయన వైపే చూశారు. ఆ నీళ్ళలో చంకలో కర్ర ఇరికించుకుని నడపడం తన వల్ల కాదని ఆయనకి తెలుసు. కర్ర ఒక్కసారి జారితే మనుషులు పోతారు. మరిది ఎర్రనీళ్ళలో ఎప్పుడూ కర్ర పట్టలేదు. "అన్నా, రా" అన్నాడు. ఆయన రెండడుగులు వేసి, తూలి, పడిపోయాడు. పడిపోయినట్టు నటించాడో, నిజంగానే కాలు మడతపడిందో, నేనెప్పుడూ అడగలేదు. పడ్డాక మాత్రం లేవలేదు.

ఇంజను అన్నయ్య బకెట్టుతో నది నీళ్ళు ముంచి ఆయన మొహాన కొట్టాడు. "లే బావా! అక్కడ మనిషి చస్తన్నాడు, లే!" ఆయన కళ్ళు తెరవలేదు. ఇంకో బకెట్టు కొట్టాడు. "ఛీ! నిన్ను చూసి ఇన్నేళ్ళు బావా అని పిలిచా గదా" అన్నాడు. ఏడుస్తూనే అన్నాడు.

మరిది ముందుకొచ్చాడు. ఆ మొహం నేను మరిచిపోలేను. అన్న ముందు కూర్చోని మనిషి, అన్న చొక్కా మెడ పట్టుకుని చెక్కల మీద ఈడ్చుకొచ్చి ఒడ్డు ఇసకలో పడేశాడు. "మా నాన్న కూడా ఇట్టాగే పడి ఉండేవాడు" అన్నాడు. అంతే. తిరిగి చూడకుండా వెళ్ళి చుక్కాని కర్ర పట్టుకున్నాడు. "బావా, ఇంజను తియ్యి!" అని అరిచాడు. కట్టు కదిలింది.

నేను ఇసకలో కూర్చుని ఆయన తల ఒళ్ళో పెట్టుకున్నాను. జనం అంతా నీళ్ళ వైపు చూస్తున్నారు, మా వైపు ఎవరూ చూడటం లేదు. ఆయన పెదవులు కదిలాయి. చెవి దగ్గర పెట్టి విన్నాను.

"ఎటు పోతన్నాడు?"

"ఎగువకి."

"ఒడ్డెంట పోతన్నాడా?"

"ఒడ్డెంటే."

"నల్లబండ దాటాడా?"

"ఇంకా లేదు... ఇప్పుడు దాటాడు."

"ఇంకా పోవాలి. ఇప్పుడే తిప్పితే బండ మీదకి లాగేసిద్ది. తిప్పుతున్నాడా?"

కట్టు ముందుభాగం కాస్త అటు తిరిగినట్టనిపించింది. కాదు. నీటి తాకిడికి ఊగింది. మళ్ళీ ఒడ్డు వెంటే పోతోంది. "లేదు, పోతానే ఉన్నాడు" అన్నాను.

"ఇప్పుడు" అన్నాడాయన. కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఇంజను చప్పుడే వింటున్నాడు. "ఇప్పుడు వదలాలి."

కట్టు తిరిగింది. ఎర్రటి పాయ దాన్ని లాక్కుపోయింది, జనం హాహాకారాలు చేశారు. మెల్లగా జారుతూ జారుతూ వెళ్ళి సరిగ్గా అవతలి రేవు దగ్గర ఆగింది. చెప్పాను. ఆయన మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి. తుడిచాను.

పాము కరిచిన మనిషి బతికాడు. నెల పోయాక మరిదికి కొత్త పంచెల చాపు పెట్టి, కట్టు మీదే దండ వేశాడు.

ఆ రోజు సాయంత్రమే మరిదీ ఇంజను అన్నయ్యా మా ఇంటి ముందుకొచ్చారు. లోపలికి రాలేదు. "రేపట్నించి కట్టు మీదకి రావొద్దని చెప్పు చెల్లెమ్మా. రేవు మేం చూసుకుంటాం. నీకూ పిల్లకీ లోటు రానియ్యం" అన్నాడు అన్నయ్య. మరిది వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ ఏడు పాట అతని పేరు మీదకి మారింది. అవతలివాళ్ళు కూడా ఎదురు పాడలేదట. ఎర్రనీళ్ళలో నడిపిన సరంగు కదా.

మా ఆయన ఆ రాత్రి నేను కలిపి పెట్టిన అన్నమంతా తిన్నాడు.

"ఇక చెప్పేయనా?" అన్నాను.

"వద్దు. ఇప్పుడు తెలిస్తే ఇసకలో ఈడ్చిన సంగతే తల్చుకుంటాడు. చెయ్యి వణికిద్ది."

"రేపు? ఎల్లుండి?"

"ఎప్పుడూ వద్దు. వాడికి మాత్రం వద్దు."

తరవాత అంతా ఇంట్లోనే. కాళ్ళు పోయాయి, మాట పూర్తిగా పోయింది. జావ తాగించినా పొరబోయేది. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. "సారా పీల్చేసింది, మంచాన పడ్డాడంట" అని వీధిలో అనుకోవడం కిటికీలోంచి ఇద్దరం వినేవాళ్ళం. డాక్టరు చెప్పిన మాటల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది ఒకటే, తెలివి చెడదన్నది. ఆయన కళ్ళు అన్నీ గమనించేవి. నేను అలిసిపోయానని, వీపు నెప్పి పుడుతోందని, పిల్ల అన్నం తినలేదని, అన్నీ కళ్ళతో చెప్పేవాడు.

ఆ ఏడు రంజాను పండగకి ఇంజను అన్నయ్య ఎప్పటిలాగే సేమ్యా గిన్నె తెచ్చాడు. గుమ్మం బయటే నిలబడి చెయ్యి చాపి ఇచ్చాడు.

"లోపలికి రా అన్నయ్యా."

"వద్దు చెల్లెమ్మా. ఆ మనిషి మొహం చూడను."

గిన్నె అరుగు మీద పెట్టి అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాను. ఎప్పుడూ అతని చెయ్యి ముట్టుకుని ఎరగను. మంచం మీద మా ఆయన్ని చూసి అతను అలాగే నిలబడిపోయాడు. ఆ ఎముకలు చూశాక, ఇది సారా చేసిన పనేనా అన్న అనుమానం అతని మొహంలో కనపడింది. నేను మొత్తం చెప్పేశాను. గుంటూరు దగ్గర్నించి ఇసక దాకా. అతను నేల మీద కూలబడి ఆయన చెయ్యి తీసుకుని మొహానికి ఆనించుకున్నాడు.

"నీళ్ళు కొట్టా గదా బావా మొహాన. ఛీ అన్నా గదా. ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది బావా?"

ఆయన కళ్ళు అతని వైపు లేవు. నా వైపు ఉన్నాయి. కోపంగా ఉన్నాయి. ఆ తరవాత చాలా రోజులు నేను నోటికి చెంచా అందిస్తుంటే కళ్ళు మూసుకునేవాడు. నాకు మాట తప్పానన్న బాధ లేదు. రోజూ ఇంజను అన్నయ్య వచ్చి ఆయన్ని ఎత్తి స్నానం చేయించేవాడు, గడ్డం గీసేవాడు, పక్కన కూర్చుని రేవు కబుర్లు చెప్పేవాడు. ఒకరోజు ఏదో చెబుతుంటే ఆయన కళ్ళు నవ్వాయి. నన్ను కూడా చూశాయి. అప్పటికి క్షమించినట్టున్నాడు.

మరిదికి చెప్పకూడదని అన్నయ్య దగ్గర నేనే మాట తీసుకున్నాను. అంతవరకన్నా నిలబెట్టాలని.

ఎనభయ్యో దశకం మొదట్లో, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, ఊపిరి అందక పోయాడు. మాకు కొడుకులు లేరు. తలకొరివి మరిదే పెట్టాడు. నదిలో మునిగి తడి బట్టలతో వస్తూ, అందరూ వింటుండగా అన్నాడు, "నన్ను పెంచిన చెయ్యి అది. సారాకి బలైపోయింది." ఇంజను అన్నయ్య నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. అతను కండువా నోట్లో కుక్కుకుని వెనక్కి తిరిగిపోయాడు.

నేను పిల్లని తీసుకుని నందిగామ వచ్చేశాను. నాన్నకి ఆ రోజే నిజం చెప్పాను. ఆయన అంతా విని, "మంచినీళ్ళు కూడా తాగకుండా వచ్చేశానే" అన్నారు. ఆ మాట పోయేదాకా అప్పుడప్పుడూ అంటూనే ఉన్నారు. నాకు టీచరు ట్రైనింగు చేయించారు. అలా బడిపంతులమ్మనయ్యాను. మరిది చాలా ఏళ్ళు రేవు నడిపాడు. మాకు బియ్యం, మిరపకాయలు తెచ్చి పడేసి పోయేవాడు. జీవితంలో సారా ముట్టలేదు. తన పిల్లలకి మా ఆయన్ని చూపించి బుద్ధి చెప్పేవాడని విన్నాను. అదే నిజమనుకుని పోయాడు. ఏమీ తెలియకుండా పోయాడు.

మా అమ్మాయికి ఎప్పుడు చెప్పాలా అని నేను చూస్తూనే ఉన్నాను. అది చిన్నపిల్ల, బాబాయి దగ్గర నోరు జారుతుందని భయం. తొమ్మిదో తరగతిలో ఉండగా, వాళ్ళ నాన్న తద్దినం రోజు, పప్పు రుబ్బుతుంటే నా వెనక నిలబడి అంది, "తాగి చచ్చినోళ్ళకి కూడా తద్దినాలు పెడతారా అమ్మా?"

చేతులు కడుక్కుని దాన్ని కూర్చోబెట్టి చెప్పాను. ఏమీ దాచకుండా, పుక్కిలించి ఉమ్మిన సంగతితో సహా. అది ఏడవలేదు. అంతా విన్నాక అడిగింది.

"చేతులు ముందు పోయాయా, కాళ్ళు ముందు పోయాయా?"

"చేతులే."

"నేను ఒకటో తరగతిలో ఉన్నప్పటికే పోయాయా?"

"అప్పటికే."

గోడకేసి తిరిగి చెప్పింది. "బడి వదలగానే రేవుకి పరిగెత్తేదాన్ని. ఎత్తుకోమని చేతులు చాపితే నాన్న అటు తిరిగిపోయేవాడు. రోజూ అంతే. నేనంటే ఇష్టం పోయిందనుకున్నా. ఆడపిల్లననేమో అనుకున్నా. ఇక అడగడం మానేశా."

ఆ సంగతి నాకు తెలియనే తెలియదు. ఆయనా ఏనాడూ చెప్పలేదు.

"ఎత్తుకోలేకేనా అమ్మా?" అని మళ్ళీ అడిగింది.

"ఎత్తుకోలేకే" అన్నాను.

దగ్గరికి తీసుకోబోతే వద్దంది. గడప మీద కూర్చుని, మోకాళ్ళలో తల పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. నేను పొయ్యి దగ్గరే నిలబడి, అది ఏడుపు ఆపేదాకా చూస్తూ ఉండిపోయాను.